పాటల డిస్క్‌ను పది నిమిషాలకోసారి నిద్రపుచ్చకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ టెక్నాలజీ పేజీలో ఈ మధ్య వచ్చిన చిట్కాల్లో ఒకటి చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వాడనప్పుడు వీలైనంత త్వరగా స్లీప్‌లోకి వెళ్లేలా పెట్టుకుంటే ఎక్కువ కాలం మన్నుతుందని అందులో చెప్పారు. ఎప్పుడో ఒకసారి ఫొటోలు కాపీ చేసి బీరువాలో దాచే డిస్క్ విషయంలో ఆ సలహాకు వంక పెట్టలేం. కానీ ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్‌కు తగిలించి, రోజూ పాటలు వినిపించే డిస్క్‌కు అదే సలహా పాటిస్తే జరిగేది మేలు కాదు, కీడు. ఆ తేడా ఎవరూ చెప్పడం లేదు. మీ పేజీ చాలామంది చదువుతారు కాబట్టి ఇక్కడ చెప్పాలనిపించింది.

నేను చాలా ఏళ్లు సౌండ్ రికార్డింగ్‌లో పనిచేశాను. టేపు రీళ్లతో మొదలుపెట్టి, కంప్యూటర్‌లో రికార్డు చేసే రోజులు వచ్చేదాకా ఆ పనిలోనే ఉన్నాను. రిటైరయ్యాక ఇంట్లో ఉన్న సీడీలన్నీ ఫ్లాక్ ఫైళ్లుగా (నాణ్యత తగ్గకుండా సైజు కుదించే పాటల ఫైళ్లుగా) మార్చి ఒక డిస్క్‌లోకి ఎక్కించాను. డిస్క్ ఒక చిన్న మ్యూజిక్ సర్వర్‌కు (పాటలను డిస్క్‌లోంచి తీసి పంపే చిన్న కంప్యూటర్‌కు), ఆ సర్వర్ డాక్‌కు (డిజిటల్ పాటను ధ్వని సంకేతంగా మార్చే పరికరానికి), డాక్ యాంప్లిఫయర్‌కు కలిపి ఉంటాయి. మా నాన్నగారు రోజూ సాయంత్రం ఆ పాటలే వింటారు. తెలిసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి సిస్టమ్‌లు పెట్టడానికి, మొరాయిస్తే చూడడానికి కూడా నన్ను పిలుస్తుంటారు. ఎక్కడికి వెళ్లినా డిస్క్ నిద్ర గొడవ ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది.

అసలు డిస్క్ లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. 5400 ఆర్‌పీఎం (అంటే నిమిషానికి 5400 చుట్లు) డిస్క్‌లో, డేటా ఉండే గుండ్రటి పళ్లెం సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. ఆ వేగానికి పుట్టే గాలిపొర మీద రీడింగ్ హెడ్ తేలుతూ ఉంటుంది. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే. పళ్లెం ఆగితే గాలిపొర ఉండదు, తేలడం కుదరదు. అందుకే ఆగేలోపే హెడ్‌ను పక్కనున్న చిన్న ప్లాస్టిక్ ర్యాంప్ మీదికి ఎక్కించేస్తారు. మళ్లీ పని పడితే మోటార్ ముందు పళ్లేన్ని పూర్తి వేగానికి తీసుకురావాలి, ఆ తర్వాత హెడ్ ర్యాంప్ దిగి పళ్లెం మీదికి రావాలి. డిస్క్ పెట్టె మీద వేలు ఆనించి ఉంచితే ఇదంతా తెలుస్తుంది. ముందు సన్నని వణుకు మొదలై, పెరిగి, ఒక స్థాయిలో నిలబడుతుంది. తర్వాత చిన్నగా టిక్ మంటుంది. అదే హెడ్ దిగిన చప్పుడు.

డిస్క్‌కు ఎక్కువ శ్రమ ఈ లేవడంలోనే. 3.5 అంగుళాల డిస్క్ తిరుగుతున్నప్పుడు మామూలుగా నాలుగైదు వాట్లు తీసుకుంటుంది. లేచే ఆ కొద్ది సెకన్లలో మాత్రం 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు, అంటే 20 వాట్లకు పైగా లాగుతుంది. మోటార్‌కు, దాన్ని నడిపే చిప్‌కు, బయట ఉన్న పవర్ అడాప్టర్‌కు కూడా ఆ కాసేపే గట్టి పరీక్ష. హాయిగా తిరుగుతున్న పళ్లేనికి అంత ఒత్తిడి ఉండదు. ఇప్పటి డిస్కుల్లో బేరింగులు సన్నని నూనెపొర మీద తిరుగుతాయి కాబట్టి పాత బాల్ బేరింగుల్లాగా అరిగిపోయే బాధ కూడా తక్కువ.

నిద్ర అని అందరూ ఒకే మాటగా అంటున్నది నిజానికి రెండు వేరు వేరు పనులు. మోటార్ తిరుగుతుండగానే హెడ్ మాత్రం ర్యాంప్ ఎక్కి కూర్చోవడం ఒకటి, మోటారే పూర్తిగా ఆగిపోవడం రెండోది. హెడ్ ర్యాంప్ ఎక్కి దిగడాన్ని లోడ్ సైకిల్ అంటారు. డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కల్లో అది 193వ వరుస. మోటార్ ఆగి లేవడం 4వ వరుస. కంపెనీలు చాలా మోడళ్లకు లోడ్ సైకిల్స్ 3 లక్షలు లేదా 6 లక్షలు అని హామీ రాస్తాయి. చూడ్డానికి పెద్ద అంకెలే. కానీ అర నిమిషానికోసారి హెడ్ ఎక్కి దిగితే రోజుకు 2,880 సార్లు అవుతుంది. ఆ లెక్కన 3 లక్షలు పూర్తికావడానికి నాలుగు నెలలు కూడా పట్టదు. ఇది ఊహ కాదు. వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ డిస్కులు 8 సెకన్లు ఖాళీగా ఉంటే చాలు, హెడ్‌ను పక్కకు పెట్టేసేవి. కొద్ది సెకన్లకోసారి ఏదో ఒకటి రాసే సర్వర్లలో వాటిని వాడినవాళ్లు 193వ వరుస పరుగెత్తడం చూసి బెంబేలెత్తిపోయారు. ఆ టైమర్ మార్చడానికి ప్రత్యేకంగా ఒక చిన్న ప్రోగ్రామ్ వాడాల్సి వచ్చింది.

మీ డిస్క్ సంగతి చూసుకోవాలంటే కంప్యూటర్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే చాలు. ఒక్క జాగ్రత్త. అందులో వరుసల నంబర్లు, విలువలు మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు గుర్తుల లెక్కలో కనిపిస్తాయి. 193 అక్కడ సీ1 అని ఉంటుంది. సెట్టింగ్‌లో రా వాల్యూస్‌ను (డిస్క్ రాసుకున్న అసలు విలువలను) మనం వాడే మామూలు దశాంశ లెక్కకు మార్చుకోకపోతే, కనిపించిన అంకెను తప్పుగా చదివి అనవసరంగా టెన్షన్ పడాల్సి వస్తుంది, లేదా పడాల్సిన చోట నిశ్చింతగా ఉండిపోతాం. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు ఈ లెక్కలను బయటికి పంపవు కూడా. అలాంటి పెట్టెను పాటల కోసం కొనవద్దనే నేను చెబుతాను.

ఇక పాటల దగ్గరికి వస్తే, సంగీతం డిస్క్‌ను వాడుకునే తీరే వేరు. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. గంటకు సుమారు 635 ఎంబీ. ఫ్లాక్‌లోకి మారిస్తే అందులో దాదాపు సగమో, కాస్త ఎక్కువో అవుతుంది. నాలుగు నిమిషాల పాట ఏ పాతిక ఎంబీయో ఉంటుంది. సెకనుకు 100 ఎంబీ చదవగలిగే డిస్క్‌కు అది అర సెకను పని కూడా కాదు. చాలా ప్లేయర్లు పాటను ముందే మెమరీలోకి లాగేసుకుంటాయి. అంటే మనం నాలుగు నిమిషాలు వింటుంటే డిస్క్ దాదాపు ఆ నాలుగు నిమిషాలూ ఖాళీగానే ఉంటుంది. మన దృష్టిలో అది పనిలో ఉన్నట్టు, దాని దృష్టిలో తనకు పనేమీ లేనట్టు. నిద్ర టైమర్ లెక్కపెట్టేది దాని ఖాళీనే, మనం వింటున్నామా లేదా అన్నది దానికి తెలియదు.

పాటలు చిన్నవైతే పది నిమిషాల టైమర్‌కు అవకాశం దొరకదు, మధ్యలో తర్వాతి పాట కోసం చదవాల్సి వస్తుంది. చిక్కు వచ్చేది పెద్ద ట్రాకులతో. అరగంట పాటు ఆగకుండా సాగే లైవ్ రికార్డింగ్ ఒకటి పెట్టారనుకోండి. ప్లేయర్ దాన్ని మొత్తం మెమరీలోకి ఎక్కించుకుంటే, పది నిమిషాలకల్లా డిస్క్ ఆగిపోతుంది. ట్రాక్ అయిపోయే సమయానికి తర్వాతి దాని కోసం మళ్లీ లేవాలి. చిన్న 2.5 అంగుళాల డిస్క్‌కు మూడు నుంచి అయిదు సెకన్లు పడుతుంది, పెద్దదానికి పది సెకన్లు దాటడం మామూలే. లైవ్ కచేరీలో ఒక అంశం ముగిసి చప్పట్లు మోగుతుండగానే ఇంకొకటి మొదలవుతుంది. రికార్డింగ్ చేసినవాళ్లు ఆ చప్పట్లను రెండు ట్రాకుల మీదుగా తెగకుండా నిలబెట్టడానికి ఎంత కష్టపడతారో నాకు తెలుసు, అది నేను చేసిన పనే. సరిగ్గా అక్కడ డిస్క్ నిద్రలేవక పది సెకన్లు నిశ్శబ్దం వస్తే విన్న ఆనందమంతా పోతుంది. ఇంకొన్ని ప్లేయర్లు అంతసేపు ఆగలేక, ఫైల్ దొరకలేదని చెప్పి దాని తర్వాత పాటకు దూకేస్తాయి.

మా నాన్నగారి విషయంలోనూ ఇదే. పది నిమిషాల టైమర్ ఉన్న పెట్టె వాడినప్పుడు, ఫోన్ వస్తే పాట ఆపి మాట్లాడి మళ్లీ రిమోట్ నొక్కేవారు. పాట వచ్చేది కాదు. ‘పాట రావట్లేదేంటమ్మా’ అని మళ్లీ నొక్కేవారు, ఇంకోసారి నొక్కేవారు. ‘డిస్క్ లేస్తోంది నాన్నా, కాసేపు ఆగండి’ అని నేను లోపలి గదిలోంచి చెప్పేలోపు నొక్కినవన్నీ ఒకేసారి అందుకుని అది మూడు పాటలు ముందుకు వెళ్లిపోయేది. పెద్దవాళ్లు వాడే సిస్టమ్‌లో ఇది చిన్న విషయం కాదు. తమకు చేతకావడం లేదనుకుని వాళ్లు వినడమే మానేస్తారు. యంత్రం చేసిన ఆలస్యానికి మనిషి తనను తాను తప్పుపట్టుకోవడం నాకు చూడబుద్ధి కాదు.

దీనికి తోడు, మనం వినని వేళల్లో డిస్క్‌ను ఎవరో లేపుతుంటారు. ఆ ఎవరో మన సాఫ్ట్‌వేరే. కొత్త పాటలు వచ్చాయేమోనని గంటకోసారి లైబ్రరీని వెతికే సర్వర్, ఆల్బమ్ బొమ్మలను పాటల డిస్క్‌లోంచే చదివే ఫోన్ యాప్, ఫైళ్లకు సూచిక తయారుచేసే విండోస్ సెర్చ్, మ్యాక్‌లో అయితే స్పాట్‌లైట్. డిస్క్ ఆరోగ్యం చూస్తానంటూ దాన్ని నిద్రలేపే పర్యవేక్షణ ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. ఇవి లేపడం, పది నిమిషాలకు అది మళ్లీ పడుకోవడం, ఇవి మళ్లీ లేపడం. గంటకు నాలుగుసార్లు ఇలా జరిగితే రోజుకు 96, ఏడాదికి 35,000 దాటుతుంది. మోటార్ ఆగి లేవడానికి 50,000 సార్లు అని హామీ రాసిన మోడళ్లున్నాయి. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ గీత దాటిపోతాం. గీత దాటిన రోజే డిస్క్ చనిపోతుందని కాదు. పదేళ్లు నడవాల్సిన వస్తువు ఓపికనంతా ఎవరూ వినని పాటల కోసం కరిగించడం ఎందుకన్నదే నా బాధ.

అలాగని రాత్రింబగళ్లు తిప్పుతూనే ఉండాలని కూడా నేను అనను. తిప్పడం వల్ల డిస్క్ పాడైపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. అవన్నీ డేటా సెంటర్లలో ఎడతెగకుండా నడిచే డిస్కులే. మామూలు స్థాయి వేడికీ డిస్క్ పోవడానికీ అందరూ అనుకునేంత సంబంధం వాళ్లకు కనిపించలేదు. ఇంట్లో డిస్క్ ఆపాలనడానికి కారణాలు వేరు. రాత్రి నిశ్శబ్దంలో దాని రొద చెవికి తగులుతుంది. 5 వాట్ల చొప్పున ఏడాదంతా నడిస్తే 44 యూనిట్ల కరెంటు అవుతుంది. గాలాడని ప్లాస్టిక్ పెట్టెను యాంప్లిఫయర్ నెత్తిన పెట్టేవాళ్లూ ఉన్నారు, అక్కడ వేడి మామూలు స్థాయిలో ఉండదు. చాలా డిస్కులకు కంపెనీ చెప్పే పరిమితి 60 డిగ్రీల సెల్సియస్. దానికి దరిదాపుల్లో పెట్టకూడదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. పాటలు వింటున్నప్పుడు మధ్యలో డిస్క్‌కు ఎంత పెద్ద ఖాళీ రావచ్చో టైమర్ అంతకంటే ఎక్కువ ఉండాలి. రెండు గంటలు వినే ఇంట్లో కనీసం గంట పెట్టండి, ఇంకా ఎక్కువైనా నష్టం లేదు. డిస్క్ సాయంత్రం ఒకసారి లేవాలి, పాటలు అయ్యాక ఒకసారి పడుకోవాలి. రోజుకు ఒకటి రెండు సార్లంటే ఏడాదికి మహా అయితే ఏడు వందల చిల్లర, ఆ మాత్రానికి ఏ డిస్కూ అలసిపోదు. అది పడుకున్నాక ఎవరూ కదిలించకుండా చూడాలి. లైబ్రరీ డేటాబేస్‌ను, ఆల్బమ్ బొమ్మలను సర్వర్ లోపలి ఎస్‌ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డిస్క్‌లోకి) మార్చేయండి. వెతుకులాటను ఆటోమేటిక్‌గా కాకుండా, కొత్త పాటలు వేసినప్పుడే మనం నొక్కితే జరిగేలా పెట్టండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఎవరూ వినని వేళ వెళ్లి పెట్టె మీద అరచెయ్యి పెడితే వణుకు ఉందో లేదో అదే చెబుతుంది.

టైమర్ మార్చడం మాత్రం ఉండాల్సినంత సులభంగా లేదు. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్క్ ఆపే సమయం ఉంటుంది, మామూలుగా అది 20 నిమిషాలు. లైనక్స్ సర్వర్ అయితే హెచ్‌డీపార్మ్ అనే కమాండ్ ఉంది. అందులో క్యాపిటల్ ఎస్ ఆప్షన్‌కు 241 ఇస్తే అరగంట, 242 ఇస్తే గంట. కానీ యూఎస్‌బీ పెట్టెలో కంప్యూటర్‌కూ డిస్క్‌కూ మధ్య ఒక చిప్ కూర్చుని ఉంటుంది. కొన్నిట్లో ఆ చిప్ మన కమాండ్‌ను డిస్క్ దాకా పోనివ్వదు, తన టైమర్ తనదే అంటుంది. అలాంటి పెట్టె దొరికితే కొందరు రెండు నిమిషాలకోసారి డిస్క్‌లో చిన్న ఫైల్ రాస్తూ దాన్ని మేలుకొలిపే ప్రోగ్రామ్‌లు వేస్తారు. అది నాకు నచ్చదు. పాటల డిస్క్ చదవడానికే ఉంది, ఊరికే దాని మీద రాస్తూ ఉండడం ఎందుకు? పెట్టె మార్చడమే మేలు.

నిద్ర టైమర్ కంటే హాని చేసేది ఇంకొకటి ఉంది, అది చాలా ఇళ్లలో అలవాటు. యాంప్లిఫయర్, డాక్, సర్వర్, డిస్క్ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టి, పాటలు అవగానే గోడ స్విచ్ ఆపేస్తారు. తిరుగుతున్న డిస్క్‌కు కరెంటు ఒక్కసారిగా పోతే, పళ్లెం ఇంకా తిరుగుతున్న ఆ ఊపులోంచే కరెంటు పుట్టించుకుని హెడ్‌ను ర్యాంప్ మీదికి లాక్కుంటుంది. అది అద్భుతమైన ఏర్పాటే. కానీ అత్యవసరానికి పెట్టిన ఏర్పాటు, రోజూ వాడుకోవడానికి కాదు. మామూలుగా ఎక్కేటప్పటి నెమ్మది అందులో ఉండదు. స్మార్ట్ లెక్కల్లో 192వ వరుస వీటిని లెక్కపెడుతుంది. పైగా ఆ క్షణంలో సర్వర్ ఏదైనా రాస్తుంటే లైబ్రరీ చెడిపోవచ్చు. ముందు సర్వర్‌ను దాని యాప్‌లోంచి షట్‌డౌన్ చేసి, డిస్క్ చప్పుడు ఆగాకే స్విచ్ ఆపాలి. తిరుగుతున్న పెట్టెను దుమ్ము దులపడానికైనా ఎత్తకూడదు.

స్ట్రీమర్ (పాటలు వినిపించే పెట్టె) వెనక యూఎస్‌బీ సాకెట్‌కు నేరుగా తగిలించే చిన్న డిస్కులదీ ఇలాంటి కథే. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ లేచేటప్పుడు అడిగేది దాదాపు ఒక ఆంపియర్. అది చాలక సగం లేచి, ఆగి, టిక్ టిక్ మంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్ పోయిందనుకుని పారేసేముందు సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టి చూడండి.

ఎస్‌ఎస్‌డీ కొనుక్కుంటే ఈ గొడవే లేదుగా అనేవాళ్లకు నా జవాబు, నిజమే, కొనుక్కోండి. మోటార్ లేదు, చప్పుడు లేదు, లేవడానికి ఆలస్యం లేదు. అయితే కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచే కాపీకి మాత్రం అది సరికాదు, దానిలో డేటా విద్యుత్ చార్జ్ రూపంలో ఉంటుంది, అది మెల్లగా కారిపోతుంది. ఆ రెండో కాపీ హార్డ్ డిస్క్‌లోనే ఉండాలి. రెండో కాపీ తప్పకుండా ఉండాలి కూడా. ఇందాక చెప్పిన గూగుల్ పరిశోధనలోనే, పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయని తేలింది. టైమర్ ఎంత చక్కగా పెట్టినా, లెక్కలు ఎంత శుభ్రంగా ఉన్నా, చెప్పకుండా పోయే డిస్కులు పోతూనే ఉంటాయి. సీడీలు ఒక్కొక్కటే కంప్యూటర్‌లో వేసి, పాట పేర్లు సరిచేసి, బొమ్మలు వెతికి పెట్టిన శ్రమ మళ్లీ పడే ఓపిక ఎవరికుంటుంది?

డిస్క్ పెట్టెలు తయారుచేసే కంపెనీలను ఒకటి అడగాలని ఉంది. అట్టపెట్టె మీద ఎన్ని టెరాబైట్లో, ఎంత వేగమో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎన్ని నిమిషాలకు మోటార్ ఆగుతుందో, ఆ సమయాన్ని కొన్నవాళ్లు మార్చుకోవచ్చో లేదో మాత్రం ఎక్కడా వేయరు. ఆ రెండూ ఒక్క వరుసలో అచ్చేస్తే చాలు. మార్చే ప్రోగ్రామ్ ఇచ్చేవాళ్లు విండోస్‌తో పాటు లైనక్స్‌కూ ఇవ్వాలి, ఇళ్లలోని మ్యూజిక్ సర్వర్లు చాలావరకు నడిచేది దాని మీదే. మీ టెక్నాలజీ పేజీ వాళ్లు ఇకమీదట ఎక్స్‌టర్నల్ డిస్కులను పోల్చి రాసేటప్పుడు ధర, వేగంతో పాటు ఈ నిద్ర సమయాన్ని కూడా కొలిచి పట్టికలో చేర్చాలని కోరుతున్నాను. కొలవడానికి గడియారం ఒకటి, పెట్టె మీద ఆనించడానికి ఒక వేలు ఉంటే సరిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైరైన సౌండ్ రికార్డిస్ట్